అది కార్బన్ డేటింగ్ కాదండీ

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో మా గౌరీపట్నం క్వారీల మీద వార్త వేశారు. సంతోషం. కంకర లారీల గొడవ కాకుండా ఇక్కడి రాయి గురించి రాసేవాళ్ళు తక్కువ. కానీ ‘కార్బన్ డేటింగ్ చేసి ఆరున్నర కోట్ల ఏళ్ళని తేల్చారు’ అన్న మాట తప్పు. మా మనవడు దాన్నే స్కూలు ప్రాజెక్టులో ఎక్కించేశాడు.

కార్బన్ డేటింగ్‌లో చూసేది కార్బన్-14. అది 5,730 ఏళ్ళకి సగమైపోతుంది. యాభై వేల ఏళ్ళు దాటాక కొలవడానికేమీ మిగలదు. పాత రాళ్ళలో చూసేది కార్బన్-12, కార్బన్-13 అనే రెండు రకాల పాళ్ళు. అవి తరగవు, కాబట్టి వయసూ చెప్పవు. సముద్రం పైనీటిలో కంటికానని నాచు తేలికైన 12నే ఎక్కువ లాక్కుంటుంది. నీళ్ళలో 13 పాలు పెరుగుతుంది, అక్కడి గుల్లల్లోనూ అంతే. 6.6 కోట్ల ఏళ్ళ కిందట డైనోసార్లతో పాటు ఆ నాచూ చాలామటుకు పోయేసరికి ఆ పాలు దబ్బున పడింది. ట్యునీషియాలో ఎల్ కెఫ్ అనే ఊరి దగ్గర పొరల్లో అది కనిపిస్తుంది. వేరేచోట అదే తగ్గుదల దొరికితే రెండింటినీ జత కలుపుతారు. అయితే అలాంటి తగ్గుదలలు చాలా ఉన్నాయి. దొరికింది వాటిలో ఏదో తేల్చాలంటే సూక్ష్మ శిలాజాలే, అంటే రాతిలో మిగిలిపోయిన చిన్న చిన్న గుల్లలే, దిక్కు.

నేను క్రషర్ దగ్గర పద్దెనిమిదేళ్ళు సూపర్‌వైజర్‌గా చేశాను. కింద నల్లరాయి, మధ్యలో ఆల్చిప్పలున్న తెల్లపొర, పైన మళ్ళీ నల్లరాయి. తెల్లది మాకు వేస్టు. ఓసారి వచ్చిన కాలేజీవాళ్ళు మాత్రం ఆ వేస్టునే సంచులకెత్తుకున్నారు. తరవాత వాళ్ళ ల్యాబుకి వెళితే, ఆ మట్టిని నానబెట్టి, సన్న జల్లెడ పట్టి, తడి కుంచెతో ఒక్కో గుల్లనీ ఏరుతున్నారు. మైక్రోస్కోపులో చూశాను: నాలుగైదు బుడగలు అతుక్కున్నట్టు, ఇసుకరేణువు కన్నా చిన్నవి. ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల గుల్లలట. 2008లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ గెర్టా కెల్లర్ బృందం రాజమండ్రి క్వారీల తెల్లపొరలో, డైనోసార్లు పోయిన ఆ వినాశనం తరవాత కొత్తగా పుట్టుకొచ్చిన జాతుల్ని గుర్తించింది. అంటే కింది నల్లరాయి అంతకుముందే పారిన లావా. వయసు పట్టిచ్చింది ఈ గుల్లలు.

ప్రాజెక్టు సోమవారం ఇవ్వాలి. శనివారంలోగా సవరణ వేయండి. నా మాట కన్నా వాడికి పేపరు మాటే నమ్మకం.

– ఒక పాఠకుడు, దేవరపల్లి