భువనేశ్వర్‌లో దిగిన మా తమ్ముడు: విమానయాన మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా ఊరు దాటి పాతపట్నంలో కాలు పెడితే మీ శ్రీకాకుళం నియోజకవర్గమే. అందుకే మీకు రాస్తున్నాను.

మా నాన్న పోయినప్పుడు తమ్ముడు దుబాయ్‌లో ఉన్నాడు. టికెట్ తీసినవాళ్లు పాస్‌పోర్టు మీద ఒడిశా అని చూసి భువనేశ్వర్‌కి తీశారు. ఆ టెన్షన్‌లో వాడూ చూసుకోలేదు. పదకొండున్నరకి "దిగాను అన్నా" అని ఫోన్ చేస్తే ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ భువనేశ్వర్ నుంచి మా ఊరికి దాదాపు 300 కిలోమీటర్లు. ఖుర్దా, చిలికా, బరంపురం దాటి రావాలి. అది పుష్యమాసం, ఐదున్నరలోపే పొద్దు గుంకుతుంది. అంతకుముందే దహనం అయిపోవాలన్నారు పెద్దలు. వాడు శ్మశానానికి వచ్చేసరికి చీకటి పడింది, చితి ఆరిపోతోంది. నాన్న ముఖం చూడలేదు. అదే సమయానికి విశాఖలో దిగి ఉంటే నాలుగు గంటల్లో ఇంటికి చేరేవాడు.

మా రాజధాని భువనేశ్వర్ కావచ్చు, మా విమానాశ్రయం మాత్రం విశాఖే. కొరాపుట్ జిల్లా జయపురం నుంచి 2022లో తొమ్మిది సీట్ల విమానం మొదలైంది, సంతోషమే. కానీ మేం కొండదారిలో అంత దూరం పోవడం కంటే విశాఖ పోవడమే సులువు. ఇక భోగాపురం కొత్త విమానాశ్రయం అయితే విశాఖ కంటే 40 కిలోమీటర్లకు పైగా మాకు దగ్గర. ఆ పేరు వింటేనే మా ఊళ్లో అందరికీ ఆశ.

అయితే విమానాశ్రయం దగ్గరైనంత మాత్రాన దారి దగ్గర కాదు. ఇప్పుడు మేం చాలాసార్లు పాతపట్నం దాకా ఆటోలో పోయి, అక్కడ శ్రీకాకుళం బస్సెక్కి, కాంప్లెక్సులో దిగి మళ్లీ విశాఖ బస్సు పట్టుకోవాలి. తెల్లవారుజాము విమానమైతే ముందురోజే బయల్దేరాలి, లేదా కారు మాట్లాడుకోవాలి. ఇప్పుడు సవర పల్లెల కుర్రాళ్లు కూడా పనుల కోసం దూరాలు పోతున్నారు. వాళ్లు కారు కిరాయి ఎక్కడ తెస్తారు?

1900లోనే మా రాజావారు శ్రీకాకుళం జిల్లాలోని నౌపడా దాకా రైలు వేయించి ఈ ప్రాంతాన్ని కోస్తాతో కలిపారు. 1936లో ఒడిశా ఏర్పడి మధ్యలో సరిహద్దు పడింది. రైలు ఇప్పటికీ ఆ సరిహద్దు దాటి పోతూనే ఉంది. బస్సుకు మాత్రం రెండు రాష్ట్రాల అనుమతులు కావాలి.

బస్సులు మీ శాఖ కిందకు రావని తెలుసు. కానీ రెండు రాష్ట్రాల రవాణా అధికారులను మీరు పిలిస్తే కాదనరు. గుణుపురం నుంచి పర్లాకిమిడి, పాతపట్నం, శ్రీకాకుళం మీదుగా భోగాపురం విమానాశ్రయం గుమ్మం దాకా నేరుగా బస్సు వేయించండి. పొద్దున విమానాలకు అందేలా ఒకటి, రాత్రి దిగినవాళ్లను ఇంటికి చేర్చేలా ఒకటి. అక్కడి బోర్డుల మీద తెలుగు పక్కన ఒడియా కూడా రాయించండి.

తమ్ముడు మళ్లీ దుబాయ్ వెళ్లాడు. ఇంట్లో అమ్మ ఉంది. ఈసారి వాడు వచ్చేటప్పటికి ఆ బస్సు ఉండాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పొరుగూరి వాడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా