తోట విభాగం వార్షిక నివేదిక: ఆర్కిడ్ మడి రెండో ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

సెంట్రల్ న్యూజెర్సీలో మన తోట విభాగమంటే ఇన్నాళ్లూ గోంగూర, బీర, దొండపాదుల గొడవే. కమ్యూనిటీ గార్డెన్ తూర్పు మూల మధ్యాహ్నం నుంచి చెట్ల నీడ పడి కూరగాయలకు పనికిరాకపోవడంతో, పోయినేడు అక్కడ ఆర్కిడ్లు వేశాం. "ఈ చలిలో, ఆరుబయటా?" అని నవ్వినవాళ్లలో నేనూ ఒకడిని. షాపుల్లో కుండీలో అమ్మే ఫెలనాప్సిస్ వేడి దేశాల మొక్క, మొదటి ఫ్రాస్ట్‌కే పోతుంది. మనం వేసినవి నేలలో పెరిగి, చలికాలం ఆకులు రాల్చి, మట్టిలో నిద్రపోయే రకాలు.

మొదటి ఏడాది తప్పు ఒప్పుకోవాలి. చైనా, జపాన్, కొరియాల్లో పెరిగే బ్లెటిల్లా అనే ఆర్కిడ్ గడ్డలు 24 వేస్తే లేచినవి 9. చలి చంపేసిందని అందరం తీర్మానించేశాం. తవ్వి చూస్తే మొలవని గడ్డలన్నీ మెత్తగా కుళ్లిపోయి ఉన్నాయి. మన బంకమన్నులో శీతాకాలమంతా నీళ్లు నిలిచాయి. అది చాలదన్నట్టు, ఎండిపోతాయేమో పాపం అని నవంబరు దాకా నీళ్లు పోసింది కూడా మనమే. ఆ డ్యూటీ పట్టికలో నా పేరు మూడుసార్లు ఉంది.

అందుకే ఈసారి మడిని అడుగు ఎత్తు లేపి, మట్టిలో పైన్ బార్క్, పెర్లైట్ (తేలికపాటి తెల్లటి రాతి పలుకులు), ముతక ఇసుక కలిపాం. గడ్డ మీద రెండంగుళాల మట్టి. ఆకులు పండిపోగానే నీళ్లు బంద్, పైన ఎండు పైన్ ఆకుల దుప్పటి. 20 గడ్డల్లో 18 లేచాయి, మే నెలాఖరుకు ఊదా పూలు విచ్చాయి. అయితే బ్లెటిల్లాకు తొందరెక్కువ. ఏప్రిల్‌లో నాలుగు రోజులు ఎండ కాస్తే చాలు, చిగురు బయటికొచ్చేస్తుంది. ఆ చిగురులోనే పూమొగ్గ ఉంటుంది కాబట్టి తర్వాత ఫ్రాస్ట్ పడితే ఆ ఏటికి పూలు లేనట్టే. వాట్సాప్‌లో ఫ్రాస్ట్ కబురందగానే పాత దుప్పట్లు పట్టుకుని పరుగెత్తిన నలుగురికీ కృతజ్ఞతలు. గుంటూరు నుంచి వచ్చిన ఒక సభ్యురాలి అత్తగారు ఆ చిగుళ్లు చూసి, "పసుపు ఇంత పల్చగా వేశారేంటమ్మా?" అని అడిగారు. అప్పటి నుంచి మడిలో తెలుగు బోర్డు పెట్టాం.

చెప్పు ఆకారంలో పూసే సిప్రిపీడియం హైబ్రిడ్లు మూడు కొన్నాం. ఈ ఏటి ఖర్చులో పెద్దది ఇదే. వేళ్లను లోతుకు దించకుండా పక్కలకు పరిచి, మొగ్గ కొన మట్టిలోంచి కనీకనబడనట్టు నాటాం. వాటిలో రెండింటికి ఆకులొచ్చాయి, ఒక్కటీ పూయలేదు.

ఈ సందర్భంగా వచ్చిన రెండు సూచనలను కమిటీ తోసిపుచ్చింది. దగ్గర్లోని అడవిలో పూసే గులాబీ రంగు లేడీస్ స్లిప్పర్‌ను (ఇదీ ఒక సిప్రిపీడియమే) తవ్వి తెద్దామన్నది ఒకటి. అది బాగా పుల్లటి నేలలో, అక్కడి శిలీంధ్రంతో కలిసి బతికే మొక్క. తోటకు తెస్తే సాధారణంగా కొన్నేళ్లలోపే చచ్చిపోతుంది. దాని బంధువును రాష్ట్ర పుష్పం చేసుకున్న మిన్నెసోటాలో అయితే 1925 నుంచే ఆ రాష్ట్ర పుష్పాన్ని కోయడం చట్టవిరుద్ధం. రెండోది, అరకు నుంచి ఆర్కిడ్లను సూట్‌కేసులో తెచ్చుకోవడం. ఆర్కిడ్లన్నీ సైటిస్ (అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) కిందికి వస్తాయి, పర్మిట్ లేకుండా దేశం దాటించకూడదు. తెచ్చినా మన జనవరిని అవి తట్టుకోలేవు.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసింది స్పైరాంథెస్ అనే ఆర్కిడ్. పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలోని చాడ్స్ ఫోర్డ్ పేరుతో దొరికే రకం. దీనికి తడి ఇష్టం కాబట్టి, మడిలోంచి నీళ్లు జారే పల్లంలో వేశాం. సరిగ్గా బతుకమ్మ రోజుల్లో, మెలితిరిగిన కాడకు తెల్లటి చిన్నచిన్న పూలు, మంచి వాసన. పిల్లలు బతుకమ్మలో పెడతామన్నారు. ఉన్నవే నాలుగు కాడలు, చర్చల తర్వాత ఒకటి ఇచ్చాం.

జింకలు పక్క మడిలో హోస్టాలను (నీడలో పెరిగే ఆకుమొక్కలు) మోడు చేసి వెళ్లాయి. మనకు వల ఉంది కాబట్టి బతికిపోయాం. వానల తర్వాత స్లగ్‌లను (గుల్ల లేని నత్తలు) రాత్రి టార్చి పెట్టి ఏరాల్సి వచ్చింది.

బ్లెటిల్లా పిలకలు ఎప్పుడు పంచుతారని చాలామంది అడుగుతున్నారు. గుంపు దట్టపడడానికి ఇంకో రెండేళ్లైనా పడుతుంది, దయచేసి ఆగండి. ఈ చలికాలానికి దుప్పట్లు కప్పేందుకు ఇద్దరు వలంటీర్లు కావాలి. ఎవరు నీళ్లు పోయబోయినా ఆపేందుకు ఇంకొకరు.

ఇట్లు,
కార్యదర్శి, తోట విభాగం