‘ఉచితంగా ఇవ్వబడును’ అంటే చాలదు

సంపాదకుడి గారికి,

పెంపుడు కుక్కనో పిల్లినో ‘ఉచితంగా ఇవ్వబడును’ అంటూ వచ్చే ప్రకటనల్లో ఫొటో, ఫోన్ నంబరు తప్ప మరేమీ ఉండవు. ఇచ్చేయాల్సి రావడం తప్పు కాదు. ఆ పనిని ఇల్లు ఖాళీ చేసే వారం దాకా నానబెట్టడమే తప్పు. రెండు నెలల ముందు మొదలుపెడితే మంచి ఇల్లు వెతకొచ్చు. సామాన్లు సర్దుతూ మొదలుపెడితే, ముందొచ్చినవాళ్ల చేతికి గొలుసు ఇచ్చేయడమే.

కారణం దాని ప్రవర్తన అయితే మొదట పశువైద్యుడికి చూపించాలి. లిట్టర్ బాక్సు (మలమూత్రాలకు పెట్టే ఇసుక పెట్టె) మానేసి పక్క తడిపే పిల్లికి మూత్రాశయంలో వాపు ఉండొచ్చు. మగపిల్లి ముక్కుతూ చుక్క కూడా పోయలేకపోతే అసలు ఆలస్యం పనికిరాదు. ఉన్నట్టుండి కరిచే ముసలి కుక్కకు కీళ్లనొప్పో పంటినొప్పో కావచ్చు.

ఇవ్వక తప్పదంటే వయసు, టీకాల తేదీలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా, చిన్నపిల్లలతో, ఇతర జంతువులతో ఎలా ఉంటుంది, ఎప్పుడైనా కరిచిందా అన్నవి ముందే చెప్పాలి. కరిచిన సంగతి దాస్తే అది కొత్త ఇంట్లో ఏ పసిబిడ్డ మీదో బయటపడుతుంది. ఆపరేషన్ కాని ఆడకుక్క ఉచితమంటే, ఈతలు ఈయించి అమ్ముకునేవాళ్లు కూడా గుమ్మం ఎక్కుతారు. ఈ ఐదు వివరాలూ లేని ప్రకటన తీసుకోవద్దని మీ ప్రకటనల విభాగానికి మనవి.

అప్పగించేటప్పుడు దాని వాసన పోకుండా ఉతకని పరుపు, ఇప్పటిదాకా తింటున్న తిండి పది రోజులకు సరిపడా వెంట పంపాలి. కొత్త తిండిని వారం, పది రోజుల్లో కొద్దికొద్దిగా కలపాలి. ఒక్కసారే మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. పిల్లిని మొదట ఒకే గదిలో ఉంచాలి. బెదిరి ఒక రోజంతా ఏమీ తినకపోతే వైద్యుణ్ణి అడగాలి. అలాగే వదిలేస్తే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది, లావుపాటి పిల్లికైతే మరీను. కుక్కలు పారిపోయేది తొలి రోజుల్లోనే కాబట్టి మెడపట్టీకి ఒకటి, హార్నెస్‌కు (ఛాతీ చుట్టూ కట్టే పట్టీకి) ఒకటి, మొత్తం రెండు తాళ్లు వేసి నడిపించాలి. గుర్తింపు కోసం చర్మం కింద పెట్టే మైక్రోచిప్ ఉంటే దాని 15 అంకెల నంబరును కొత్త యజమాని పేరు మీదికి మార్పించాలి. చాలామంది మరిచేది ఇదే. తప్పిపోయిన కుక్క దొరికినా ఫోన్ పాత ఇంటికే వెళ్తుంది.

జంతువుల షెల్టర్‌కు ఇస్తుంటే చోటుందా, ఎన్నాళ్లు ఉంచుతారు, ఎవరూ తీసుకోకపోతే ఏం చేస్తారు అని అడగాలి. మూడోది అడగడానికి నోరు రాదు, అయినా అడగాలి.

ఇక కుందేలును పొదల్లో, తాబేలును చెరువులో వదిలి ‘స్వేచ్ఛ’నిచ్చాం అనుకునేవారికి ఒక మాట. పెంపుడు కుందేలుకు దాక్కోవడం రాదు, తెల్లటిదైతే దూరానికే కనబడుతుంది. ఎర్రచెవుల తాబేలు బతికితే అక్కడి తాబేళ్ల చోటూ తిండీ లాక్కుంటుంది. గోల్డ్‌ఫిష్ పెద్దదై అడుగు బురద కెలికి నీటిని మడ్డి చేస్తుంది.

– ఒక పశువైద్యురాలు