సోమవారం స్కూలు బడ్జెట్ సమావేశం: అందరూ రండి

డాలస్ తెలుగు తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మన స్కూలు డిస్ట్రిక్టు బడ్జెట్‌పై సోమవారం సాయంత్రం 6:30కి బహిరంగ సమావేశం. కోతల జాబితాలో ఇద్దరు స్కూలు కౌన్సిలర్లున్నారు, అంటే పిల్లల చదువు, మనసు సమస్యల్లో సాయపడేవాళ్లు.

ప్రతి స్కూల్లో సాయుధ ఆఫీసరు ఉండాలన్నది 2023 నాటి టెక్సాస్ చట్టం. అందుకు రాష్ట్రం 2023లో కేటాయించింది ఏడాదికి స్కూలుకు 15,000 డాలర్లు, విద్యార్థికి మరో 10. అది జీతానికే చాలలేదు. 250 మంది విద్యార్థులకు ఒక కౌన్సిలర్ అన్నది మాత్రం కౌన్సిలర్ల వృత్తి సంఘం సిఫారసు, అంతే, చట్టం కాదు. కత్తెర ఎటు పడుతుందో తెలిసిందే కదా!

పోయిన నెల ఎనిమిదో తరగతి పిల్లలిద్దరు భోజనాల వరుసలో తోసుకున్నారు. కౌన్సిలర్ ఆ రోజు వేరే స్కూల్లో. వచ్చింది పోలీసు. తర్వాత ఒకరింటికి జువెనైల్ ప్రొబేషన్ ఆఫీసు (మైనర్ల నేర కేసులు చూసే ఆఫీసు) నుంచి ఉత్తరం. “మా వాడు బుద్ధిమంతుడు” అనుకునేవారికి ఒక మాట: ఆ అబ్బాయీ బుద్ధిమంతుడే.

మాట్లాడేవారు ఆదివారం రాత్రిలోగా ఇక్కడ పేరు రాయండి. ఒక్కొక్కరికి మూడు నిమిషాలే. ముందుగా ఫారం నింపాలి, 6:10కల్లా చేరండి.

పిల్లల పేర్లు ఎత్తవద్దు.

మాట్లాడకపోయినా వచ్చి కూర్చోండి, ఖాళీ కుర్చీలు బోర్డువాళ్లకు బాగా కనిపిస్తాయి. నా కారులో మూడు సీట్లున్నాయి.