పాతదేదో, కొత్తదేదో చెప్పి అమ్ముదాం

సంపాదకుల వారికి,

నమస్కారం. దసరా దగ్గర పడిందంటే చాలు, ఫోన్లలో పాతకాలపు ఇంటి వస్తువుల ప్రకటనలు వరస కడతాయి. టేకు దూలం కోసి చేసిన గోడ అరలు, ఇత్తడి బిందెతో చేసిన టేబుల్ లైట్లు, పట్టుచీరలతో కుట్టిన దిండు గలీబులు. చెన్నైలో ఈ పని చేసేవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు, ఇల్లు కదలకుండా చేసుకునే ఆడవాళ్లూ ఉన్నారు. "పాత సామాన్లతో ఇంటినుంచే సంపాదన" అని పత్రికల్లో వచ్చే వ్యాసాలు చదివి కొత్తగా దిగేవాళ్లు వాళ్లకి తోడు. ఆ వ్యాసాల్లో రంగు ఎలా వేయాలో ఉంటుంది, ఫొటో ఎలా తీయాలో ఉంటుంది. అమ్మిన సరుకు ఎందుకు తిరిగి వస్తుందో మాత్రం ఉండదు. మేం రాస్తున్నది దాని గురించే.

సరుకు తిరిగి రావడానికి ముఖ్యంగా రెండు కారణాలు. పాత సామాను లోపల ఏముందో చూడకుండా పని మొదలుపెట్టడం ఒకటి. దాన్ని గురించి రాసిన మాట వస్తువుకి సరిపోకపోవడం రెండోది. రెండింటికీ మందు ఒకటే: ఏది పాతది, ఏది కొత్తది, మధ్యలో ఏం చేశాం అన్నది ముందు మనకి తెలియాలి, తర్వాత కొనేవాళ్లకి తెలియాలి.

కలప సంగతి చూడండి. జార్జిటౌన్, ట్రిప్లికేన్, మైలాపూర్‌లలో పాత ఇళ్లు పడగొట్టినప్పుడు మద్రాస్ టెర్రస్ కప్పుల కింది టేకు దూలాలు బయటికొస్తాయి. ఇటుకల్ని నిలువంచున ఐమూలగా పేర్చి సున్నంతో కట్టిన కప్పు అది. అంత బరువు మోసిన దూలం కాబట్టి చేవగల కర్రే. అయినా దాంట్లో విరిగిన మేకులుంటాయి, సందుల్లో సున్నం ఉంటుంది, కొన్నిసార్లు పుచ్చు ఉంటుంది. ముందు ఇనుప బ్రష్షుతో సున్నం దులపాలి, లేకపోతే చిత్రిక అంచు పది నిమిషాల్లో మొద్దుబారుతుంది. మేకుల కోసం గట్టి అయస్కాంతాన్ని నాలుగు వైపులా నెమ్మదిగా పాకించాలి. తల తెగిపోయి లోపలే ఉండిపోయిన మేకు పైకి కనిపించదు, దాని చుట్టూ కర్ర నల్లబారి ఉంటుంది. ఆ నల్లమచ్చే గుర్తు.

పుచ్చు పట్టించే పురుగు టేకు చేవని, అంటే లోపలి గట్టి కర్రని, పెద్దగా ముట్టదు గానీ, చేవ చుట్టూ ఉండే తెల్ల కర్రని తింటుంది. చిన్న చిన్న రంధ్రాలు కనబడగానే పారేయనక్కర్లేదు. ముక్కని నల్ల కాగితం మీద తట్టి, అక్కడే రెండు వారాలు వదిలేయండి. కాగితం మీద మళ్లీ టాల్కం పౌడర్ లాంటి మెత్తటి పొడి రాలితే లోపల పురుగు బతికే ఉంది. రాలకపోతే అవి పాత రంధ్రాలు. పురుగు ఉంటే తెల్ల కర్రని చెక్కేయాలి, మిగిలిన దానికి పాలిష్ పెట్టకముందే బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లు బాగా పట్టించాలి. పాలిష్ మీద పోస్తే అది లోపలికి దిగదు. ఈ రెండు వారాలు ఆగలేక పంపిన అర, కొన్నవాళ్ల ఇంట్లో మంచం కోళ్లకి కూడా పురుగు అంటించగలదు. అందుకే ఇది చిన్న తప్పు కాదు.

తేమ ఇంకో గొడవ. వానాకాలంలో చెన్నైలో ఉన్న కర్ర ఎంతలేదన్నా 14, 15 శాతం తేమ పట్టి ఉంటుంది. అదే పలక ఉత్తరాదికో, ఏసీ నడిచే గదికో వెళ్తే 9 శాతానికి ఆరిపోతుంది. 30 సెంటీమీటర్ల వెడల్పు టేకు పలక ఆ తేడాకి అడ్డంగా దాదాపు 3 మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది. దాన్ని అడ్డపట్టీకి జిగురుతో, స్క్రూలతో బిగగట్టేస్తే కదలడానికి చోటు లేక మధ్యలో పగులుతుంది. అడ్డపట్టీలో స్క్రూ రంధ్రాన్ని పలక వెడల్పు దిశలో కాస్త కోలగా చేసి, వాషర్ వేసి బిగిస్తే పలక దాని దారిన అది కదులుతుంది. రెండు ముళ్లుండే తేమ మీటర్ ఒకటి కొని పెట్టుకోండి, 12 లోపు చూపించేదాకా కోత మొదలుపెట్టకండి.

ఈశాన్య రుతుపవనాలు వచ్చేది సరిగ్గా దీపావళి ఆర్డర్ల వేళకే. లక్కని స్పిరిట్‌లో కరిగించి వేసే లక్క పాలిష్ చెడిపోయేది కూడా అప్పుడే. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు స్పిరిట్ ఆవిరవుతూ పూతని చల్లబరుస్తుంది, తేమ దాని మీదికి చేరి పాలిష్ తెల్లబోతుంది. ఎండ కాసిన రోజు కొత్త స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో పలచగా ఒకసారి తుడిస్తే చాలావరకు పోతుంది. ఆరు నెలల కిందట కలిపి పెట్టిన లక్క మాత్రం వాడొద్దు, అది ఎన్నాళ్లైనా జిగటగానే ఉంటుంది. ఆఖరి పూత తర్వాత కనీసం వారం ఆగాలి. ఆగకుండా బబుల్ షీట్ చుడితే వేడెక్కిన లారీలో ఆ బుడగల అచ్చులన్నీ పాలిష్ మీద పడతాయి. ముందు బటర్ పేపరు, దాని పైన మాత్రమే బబుల్ షీట్. వేడి కాఫీ గ్లాసు పెడితే తెల్ల వలయం పడుతుందన్న మాట కూడా ప్రకటనలోనే రాయండి. అది లక్క గుణం, పని లోపం కాదు.

పాత తలుపులు, కిటికీల మీది ఎనామెల్ గురించి ఒక హెచ్చరిక. ఇళ్లకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన కేంద్రం 2016లో తెచ్చింది. అంతకుముందు వేసిన రంగులో ఎంత ఉందో కంటికి తెలియదు. పొడిగా గీకి దుమ్ము లేపకండి. నీళ్లు చిలకరించి, తడి ఎమరీ కాగితంతో రుద్దండి, పిల్లలు తిరిగే చోట అసలు చేయకండి. "ఒరిజినల్ పాత రంగు అలాగే ఉంచాం" అని గొప్పగా రాసే చిన్నపిల్లల అరలు కొన్ని కనిపిస్తున్నాయి. దయచేసి అవి అమ్మొద్దు.

ఇక ఇత్తడి. చిలుము పట్టిన చెంబుని చింతపండుతో తోమి తళతళలాడించడం మనకి తెలిసిన పనే. తోమాక మళ్లీ వట్టి చేత్తో పట్టుకుంటే చెమటలోని ఉప్పుకి వారంలో వేలిముద్రలు గోధుమరంగులో తేలతాయి. చేతి తొడుగులు వేసుకుని, స్పిరిట్‌తో తుడిచి, పలచగా మైనం పట్టించి మెత్తటి గుడ్డతో రుద్దితే సముద్రపు గాలికి కూడా కొన్నాళ్లు తట్టుకుంటుంది.

భయపడాల్సింది బిందెని లైటుగా మార్చేటప్పుడు. వైరు కోసం ఇత్తడికి డ్రిల్లుతో రంధ్రం పెడితే లోపలి అంచున సన్నటి ముల్లు లేస్తుంది. దాని మీద వేలు పెడితే గీరుకుంటుంది. వైరు తొడుగు కూడా అలాగే, లాగినప్పుడల్లా కొంచెం కొంచెం, గీరుకుపోతుంది. ఒకరోజు బిందె మొత్తానికి కరెంటు వస్తుంది. అందుకని అంచుని ఆకురాయితో నున్నగా చేయాలి, రబ్బరు బుష్ పెట్టాలి, వైరు లాగినా హోల్డర్ మీద బరువు పడకుండా లోపల క్లిప్పు బిగించాలి. రెండు తీగల వైరు చాలదు. లోహపు ఒళ్లున్న దీపానికి మూడు తీగల వైరు, మూడు కాళ్ల ప్లగ్గు ఉండాలి, ఆకుపచ్చ ఎర్త్ తీగని రింగు టెర్మినల్‌తో బిందె ఒంటికే బిగించాలి. అయ్యాక మల్టీమీటర్ ఒక కొనని ప్లగ్గు పెద్ద కాలికి, ఇంకో కొనని బిందెకి పెట్టి చూడండి, ఒక ఓమ్ కంటే తక్కువ చూపాలి. పైన లక్కరో మైనమో ఉంటే అది అడ్డుపడుతుంది, అడుగున గీకిన చోట పెట్టండి. వైరు, ప్లగ్గు, హోల్డర్ మూడింటి మీదా ఐఎస్ఐ గుర్తు ఉండాలి. బల్బు ఎల్‌ఈడీ, 9 వాట్ల లోపు అని దీపం మీదే చీటీ అతికించాలి. ఈ పనులు చేయడం రానివాళ్లు ఎలక్ట్రీషియన్‌తో చేయించండి, ఆ కూలీ ధరలో కలపండి.

చీరల విషయంలో తొందరపాటే ఎక్కువ. పాత పట్టుచీర మడతల దగ్గర చివుకుతుంది. రెండు బొటనవేళ్ల మధ్య గుడ్డని పట్టి మెల్లగా లాగండి, వెలుతురుకి ఎదురుగా. పోగులు విడిపోయి వెలుగు గీతలాగా కనబడితే ఆ భాగం దిండుకి పనికిరాదు, ఫ్రేములో పెట్టడానికే. అంచుల ఎరుపు, ఆకుపచ్చ రంగులు కారతాయో లేదో తెల్లటి తడి గుడ్డ వేసి ఇస్త్రీ చేసి చూడండి. 16 అంగుళాల గలీబుకి కుట్టు మార్జిన్‌తో ముందు భాగం 17కి 17, వెనక ఒకదానిమీద ఒకటి వచ్చే రెండు ముక్కలు 17కి 12 చొప్పున కావాలి. 45 అంగుళాల పన్నాలో అడ్డంగా ఈ మూడు ముక్కలూ పడతాయి, అంటే ప్రతి 17 అంగుళాల పొడవుకి ఒక గలీబు. లెక్కప్రకారం చీరకి పదకొండు పైనే రావాలి. చివికిన మడతలు, మరకలు తీసేస్తే ఏడో ఎనిమిదో అనుకుని ధర కట్టుకోండి. మిగిలిన ముక్కలకి బొంతని మించిన దారి లేదు. "ప్యూర్ సిల్క్" అని రాసేముందు ఒక పోగు కాల్చండి. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద నలిగిపోతుంది, పాలిస్టర్ అయితే కరిగి పూస కడుతుంది.

ఇప్పుడు మాటల గురించి. "యాంటిక్" అన్న మాటని అందరూ ఇష్టం వచ్చినట్టు వాడుతున్నారు. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద వందేళ్లు దాటిన శిల్పాలు, కళావస్తువులు, చేతిపనులు పురావస్తువులే, చేతిరాత ప్రతులకైతే 75 ఏళ్లు. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, విదేశాలకి పంపడం నిషేధం. నిజంగా వందేళ్లదైతే లైసెన్సు లేకుండా అమ్మకూడదు, కాకపోతే ఆ మాట రాయకూడదు. కొత్త ఇత్తడికి రసాయనంతో నలుపెక్కిస్తే "పాతదనం తెప్పించిన కొత్త ఇత్తడి" అని రాయడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ప్రకటన ఇలా ఉంటే చాలు: "గోడ అర ఒకటి. పొడవు 60, వెడల్పు 20, మందం 3 సెంటీమీటర్లు. పలక: చెన్నైలో పడగొట్టిన ఇంటి దూలం నుంచి కోసిన పాత టేకు. బ్రాకెట్లు: కొత్త ఇనుము, నల్ల రంగు. రెండు మేకు రంధ్రాలు, ఒక నల్లమచ్చ ఉన్నాయి, మూడో ఫొటోలో చూడండి. పుచ్చుకి మందు పట్టించాం. లక్క పాలిష్, తడి, వేడి తగలనివ్వకండి. 8 కిలోల బరువు మోస్తుంది." ఆ 8 కిలోలు కూడా 16 కిలోలు పెట్టి ఒకరోజు ఉంచి చూశాకే రాయాలి. "అమ్మిన వస్తువు వాపసు తీసుకోం" అన్న వాక్యానికి విలువ లేదు. చెప్పినదానికి సరిపోని వస్తువుని వెనక్కి తీసుకోనంటే 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు ఒప్పుకోవు.

ధర కట్టడంలో ఒక్క పొరపాటు అందరినీ ముంచుతోంది. సామాను, గంటల కూలీ, ప్యాకింగ్ కలిపి వెయ్యి రూపాయలు పడిందనుకోండి. యాప్ కమీషన్ 20 శాతం, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 23.6. వెయ్యికి 236 కలిపి 1236 అని పెడతారు. కమీషన్ వేసేది వెయ్యి మీద కాదు, 1236 మీద. 292 పోయి చేతికి 944 వస్తుంది. వెయ్యిని, కమీషన్ పోగా రూపాయిలో మిగిలే 0.764తో భాగించాలి, అంటే 1309. లాభం, వాపసుల ఖర్చు ఆ తర్వాత కలపాల్సినవి. కొరియర్‌ది ఇంకో లెక్క. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, 5000తో భాగించి, వచ్చినదాన్ని కిలోల బరువుగా లెక్కగట్టే పద్ధతి ఎక్కువగా ఉంది. 40, 30, 30 సెంటీమీటర్ల పెట్టెలో రెండు కిలోల దీపం పంపినా 7.2 కిలోల డబ్బు కట్టాలి. షేడ్ విడదీసి, మడిచి, 30, 25, 25 పెట్టెలో పట్టిస్తే 3.75కి దిగుతుంది. ఐదు పొరల అట్టపెట్టె, అన్ని వైపులా 5 సెంటీమీటర్ల మెత్త. మొదటి పెట్టెని 75 సెంటీమీటర్ల ఎత్తునుంచి ఒక మూల మీద, మూడు అంచుల మీద, ఆరు ముఖాల మీద మీరే పడేసి చూడండి.

పన్ను దగ్గర ప్రభుత్వానికి ఒక విన్నపం ఉంది. 2023 అక్టోబర్ 1 నుంచి, టర్నోవర్ పరిమితి దాటని చిన్న అమ్మకందారులు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండా, పాన్‌తో పోర్టల్‌లో నమోదు చేసుకుని ఆన్‌లైన్ వేదికల ద్వారా అమ్మొచ్చు. తమిళనాడులో ఆ పరిమితి 40 లక్షలు. కానీ సొంత రాష్ట్రంలోనే అమ్మాలి. చెన్నై తెలుగువాళ్ల సరుకు కొనే బంధువులు, స్నేహితులు సూళ్లూరుపేటలో, తిరుపతిలో, నెల్లూరులో ఉంటారు. తడ దగ్గర ఆంధ్ర సరిహద్దు దాటితే అది అంతర్రాష్ట్ర అమ్మకం. జాబితాలో చేర్చిన కొన్ని హస్తకళా వస్తువులకి మినహాయింపు వేరే ఉంది గానీ, పాత చీర గలీబు, బిందె దీపం లాంటివి దాని కిందికి వస్తాయో రావో తేల్చి చెప్పేవాళ్లు లేరు.

రిజిస్టర్ అయినవాళ్లకి ఇంకో చిక్కు. పాత వస్తువుని అలాగే, లేదా స్వభావం మారనంత చిన్న సవరణతో అమ్మితే, కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య తేడా మీదే పన్ను కట్టే వీలు జీఎస్టీ నియమాల్లోని 32(5)లో ఉంది. 1200కి కొన్న బిందెని తోమి 1800కి అమ్మితే పన్ను 600 మీద. అదే బిందెని దీపం చేసి అమ్మితే వస్తువు మారింది కాబట్టి మొత్తం ధర మీద. పాత సామానుకి ఎక్కువ పని చేసినవాళ్లకే ఎక్కువ పన్ను పడుతోంది. పాత సామానుతో చేసిన వస్తువుల్లో ఆ పాత సామాను కొన్న ధరని మినహాయించాలనీ, చిన్న అమ్మకందారులకి ఇచ్చిన సడలింపుని పొరుగు రాష్ట్రాల అమ్మకాలకీ వర్తింపజేయాలనీ జీఎస్టీ కౌన్సిల్‌ని కోరుతున్నాం. మీ పత్రిక ఈ విషయం మీద అధికారుల వివరణ తీసుకుని ప్రచురిస్తే ఎంతోమందికి దారి దొరుకుతుంది.

ఇట్లు,
పాత కలప, ఇత్తడి, చీరలతో ఇంటి వస్తువులు చేసే కొందరు తెలుగువాళ్లు,
పెరంబూరు, చెన్నై