ఐసీయూ ట్రేలో పొటాషియం ఎందుకుంది? నెల్లూరు కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

ఐసీయూలో మందు తారుమారైతే ముందు నర్సుకు మెమో వెళ్తుంది. ఆ తప్పు చాలాసార్లు ట్రేలోనే పుడుతుందని ఫార్మసిస్టులుగా మా అభిప్రాయం.

రక్తంలో పొటాషియం తగ్గితే ఎక్కించే పొటాషియం క్లోరైడ్‌నే చూడండి. 10 మి.లీ. ఆంపూల్‌లో (మందు నింపి మూసేసిన చిన్న సీసాలో) 20 మిల్లీ ఈక్వివలెంట్లు (పొటాషియం కొలిచే ప్రమాణం) ఉంటాయి. దాన్ని సెలైన్‌లో కలిపి మామూలుగా గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లకు మించకుండా ఎక్కించాలి. నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. పక్కనే అదే సైజులో డిస్టిల్డ్ వాటర్ ఆంపూల్. అర్ధరాత్రి రెండు గంటలకు చేతికి ఏది తగులుతుందో ఎవరు చెప్పగలరు? ఇంకోటి, వేలాడుతున్న బాటిల్లోకే ఎక్కించి తిరగేసి కలపకపోతే, బరువైన పొటాషియం అడుగుకు చేరి ముందే దిగిపోతుంది.

ఇన్సులిన్‌తో ఇంకో తంటా. మి.లీ.కి 100 యూనిట్ల వయల్ నుంచి మి.లీ.కి 40 యూనిట్ల లెక్కన గీతలున్న ఎర్రమూత సిరంజితో, 10 యూనిట్లనుకుని 10 గీత వరకు లాగితే, వెళ్లేది 25 యూనిట్లు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ కూడా అంతే, మి.లీ.కి 1000 యూనిట్లది, 5000 యూనిట్లది రెండూ 5 మి.లీ. వయల్సే. కావలి నుంచో ఆత్మకూరు నుంచో రిఫరైన రోగి కాగితంలో అక్కడ ఇచ్చిన డోసు రాయకపోతే, ఇక్కడ అదే డోసు మళ్లీ పడుతుంది.

పొటాషియం ఆంపూల్స్‌ను బెడ్ దగ్గర నుంచి తీయించి, విడిగా తాళంలో పెట్టించండి. ఐసీయూకు ఒకే బలం ఇన్సులిన్, దానికి సరిపడే సిరంజి మాత్రమే ఇండెంట్ పెట్టించండి. పొద్దుటి రౌండ్స్‌కు మందులిచ్చే కిటికీ దగ్గరి ఫార్మసిస్టుల్లో ఒకరిని పంపించండి. కిటికీలోంచి కేస్‌షీటు కనబడదు కదా. జరిగిన పొరపాటును తామే రాసి తెలిపినవాళ్లకు మెమో ఇవ్వబోమని రాతపూర్వకంగా చెప్పండి.

ఇట్లు,
జిల్లాలోని కొందరు ఆసుపత్రి ఫార్మసిస్టులు