మోచేతి నొప్పిని దాచుకునే పిల్లల కోసం

సంపాదకులకు నమస్కారములు.

గాయాల నుంచి కోలుకుని తిరిగి వచ్చిన క్రీడాకారుల గురించి మీ ఆదివారం క్రీడా పుటలో ప్రచురించిన వ్యాసంలో, అమెరికా బేస్‌బాల్ పిచర్ (బ్యాటర్‌కు బంతి వేసే ఆటగాడు) జేమీ మోయర్‌ను 49 ఏళ్ల వయసులో గెలిచిన వింత మనిషిగా నాలుగు వాక్యాల్లో చెప్పి వదిలేశారు. రాజోలు ప్రాంతపు ఉన్నత పాఠశాలల్లో 29 ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసిన నాకు, ఆయన గెలిచిన వయసు కంటే, ఆ గెలుపుకు ముందు ఆయన ఆడకుండా కూర్చున్న ఏడాది గొప్పదిగా కనిపిస్తుంది.

బేస్‌బాల్‌లో జట్టు గెలిచినప్పుడు ఆ విజయాన్ని ఒక పిచర్ ఖాతాలో రాస్తారు. 1986లో షికాగో కబ్స్ తరఫున ఆట మొదలుపెట్టిన మోయర్ ఖాతాలో ముప్పై ఏళ్లు నిండేనాటికి ఉన్నవి 34 విజయాలు మాత్రమే. 1992లోనైతే అక్కడి అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు. ఎడమచేతి వాటం గల ఆయన బంతికి వేగం తక్కువ. అనుకున్న చోటికి వేయడం, ఒక బంతికీ మరో బంతికీ వేగం మార్చి బ్యాటర్‌ను తికమకపెట్టడం, ఇవే ఆయన విద్యలు. ఆ విద్యతోనే సియాటిల్ మారినర్స్‌కు 2001లో 20, నలభై దాటిన తరువాత 2003లో 21 విజయాలు తెచ్చిపెట్టాడు. 2010లో ఆ ఎడమ మోచేతిలోనే లిగమెంట్ (ఎముకను ఎముకతో కలిపే పట్టీ) తెగింది.

దానికి చేసే శస్త్రచికిత్సకు టామీ జాన్ అనే మరో పిచర్ పేరు ఉంది. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ టామీ జాన్ కుడి ముంజేతి నుంచి ఒక టెండన్ (కండరాన్ని ఎముకతో కలిపే నరం వంటి పట్టీ) తీసి, ఎడమ మోచేతి ఎముకలకు రంధ్రాలు చేసి, తెగిన లిగమెంట్ స్థానంలో అమర్చారు. 1975 అంతా ఆటకు దూరంగా ఉండి 1976లో తిరిగి వచ్చిన టామీ జాన్ 1989 వరకు ఆడాడు. ఆయన 288 విజయాల్లో 164 ఆ శస్త్రచికిత్స తరువాత వచ్చినవే. అమర్చిన టెండన్ లిగమెంట్‌గా మారడానికి నెలలు పడుతుంది, ఆ నెలలను ఏ మందూ తగ్గించలేదు. మోయర్ కూడా అదే శస్త్రచికిత్స చేయించుకుని, 2011 అంతా ఆగి, 2012 ఏప్రిల్ 17న కొలరాడో రాకీస్ తరఫున ఏడు ఇన్నింగ్స్ (బేస్‌బాల్ ఆటలో మామూలుగా తొమ్మిది ఉంటాయి) పాటు బంతులు వేసి, మేజర్ లీగ్‌లో విజయం సాధించిన పిచర్లందరిలో వయసులో పెద్దవాడయ్యాడు.

ఇదంతా కోనసీమ పాఠకులకు ఎందుకని అనుకోవచ్చు. ఈ లిగమెంట్ గాయాన్ని వైద్యులు తొలుత వివరించింది పిచర్లలో కాదు, జావెలిన్ విసిరేవారిలో. మా పాఠశాలల్లో జావెలిన్ విసిరే పిల్లవాడి చేతే డిస్కస్, షాట్‌పుట్ కూడా వేయించి, పాఠశాలకు పాయింట్లు తెచ్చుకుంటాము. పదో తరగతి చదివే ఒక కుర్రవాడు మోచేతి లోపలి పక్క సలుపుతోందని చెప్పినప్పుడు, ఫైనల్ ఒక్కటి అయిపోతే చూద్దామని నొప్పి స్ప్రే కొట్టి మైదానంలోకి పంపింది నేనే. వాడు పతకం తెచ్చాడు. ఆ తరువాత మళ్లీ జావెలిన్ పట్టలేదు; పసరు కట్లతో ఆరు నెలలు గడిచాక గాని వాళ్ల నాన్న వాడిని కాకినాడ తీసుకువెళ్లలేదు. ఆ పతకాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

అమెరికాలో పిల్లల బేస్‌బాల్ నడిపే లిటిల్ లీగ్ నిబంధన ప్రకారం 11, 12 ఏళ్ల పిల్లవాడు రోజుకు 85 బంతులకు మించి వేయకూడదు, 66 లేదా అంతకు మించి వేస్తే నాలుగు రోజుల విశ్రాంతి తప్పనిసరి. మన పాఠశాల క్రీడల్లో సాధనలో ఎన్ని విసుర్లు వేశారో లెక్క రాసే పుస్తకమే నేను చూడలేదు. క్రీడల కోటా పోతుందేమోనన్న భయంతో పిల్లలు నొప్పి చెప్పరు, అడగవలసిన మేము అడగము. నీరజ్ చోప్రా 2019లో మోచేతి శస్త్రచికిత్స చేయించుకుని, ఆ ఏడాది పెద్ద పోటీలను వదులుకుని, 2021లో టోక్యోలో స్వర్ణం గెలిచిన సంగతి వారికి తెలుసు. ఆయన వదులుకున్న పోటీల సంగతి ఎవరూ చెప్పలేదు.

కనుక విసిరే ఆటల్లో వచ్చే మోచేతి, భుజం గాయాలపై, ఏ నొప్పికి ఎన్ని రోజులు ఆగాలో వివరంగా చెప్పే వ్యాసాన్ని ఎముకల వైద్యుల చేత రాయించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. మండల స్థాయి పోటీలు మొదలయ్యేలోగా అది వస్తే, కత్తిరించి మా చుట్టుపక్కల పాఠశాలల నోటీసు బోర్డులకు నేనే స్వయంగా అంటించి వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
రాజోలు, కోనసీమ.